లేక్ ఫోర్క్ మోడుల మధ్య స్క్వేర్‌బిల్: చాలాకాలం వాడాక

స్క్వేర్‌బిల్ అనే ఈ క్రాంక్‌బెయిట్‌లో (రీల్ చుడుతుంటే చిన్న చేపలా ఈదే నకిలీ ఎర) నన్ను కట్టిపడేసిన గుణం ఒక్కటే, ఇది తేలుతుంది. రంగు, బరువు, ఎంత లోతుకి దిగుతుంది లాంటివి అట్టపెట్టె మీదే ఉంటాయి. టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ లాంటి చోట కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) మీద బాస్ చేపల వేటకి వెళ్లేవాళ్లకి మాత్రం ఆ తేలడమే ప్రాణం.

ఫోర్క్ చూడనివాళ్ల కోసం ఒక మాట. 1980లో డ్యామ్ మూసి నీళ్లు నింపినప్పుడు చెట్లని చాలాచోట్ల కొట్టకుండా వదిలేశారు. దాదాపు 27 వేల ఎకరాల జలాశయం, అందులో నిలబడి ఎండిపోయిన చెట్లు, పైకి కనబడని మోడులు ఇంకెన్నో. మన చెరువుల్లో కొర్రమీను గుర్రపుడెక్క కింద కాచుకున్నట్టు ఇక్కడ లార్జ్‌మౌత్ బాస్ ఆ మోడుల్ని ఆనుకుని ఉంటుంది. టెక్సస్ రికార్డు బాస్, 18.18 పౌండ్లది, 1992లో ఈ నీళ్లలోనే పడింది. చేప ఎక్కడుంటుందో గాలం చిక్కుకునేదీ అక్కడే.

మూతి దగ్గరున్న నలుచదరపు పలక కర్రకి తగలగానే లూర్, అంటే ఈ ఎర, పక్కకి ఒరిగి తప్పుకుంటుంది. బాస్ ఎక్కువగా కొట్టేది ఆ క్షణంలోనే. రాడ్‌లో టక్‌మని తెలియగానే రీల్ ఆపేసి దారం వదులు చేస్తాను. లూర్ తోక వైపు నుంచి వెనక్కి లేచి, కొమ్మ నుంచి తనే విడిపించుకుని పైకొస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే. చిక్కుకుపోతే కయాక్ వేసుకుని అక్కడికి వెళ్లాలి, వెళితే ఆ మోడు దగ్గర చేప బెదిరిపోతుంది. గాలి ఉంటే మనమే మోడుల మీదకి కొట్టుకుపోతాం.

"ఇది చిక్కుకోదు" అని కొత్తలో స్నేహితులందరికీ చెప్పాను. కొత్త లూర్ విషయంలో ఆ మాట ఇప్పటికీ నిజమే.

నవంబర్‌లో లిటిల్ కేనీ క్రీక్ లోపలికి వెళ్లాను. బాస్‌కి మేతైన షాడ్ అనే చిన్న చేపల గుంపులు వాగుల వెనక భాగాలకి చేరే కాలం అది. పడిపోయిన ఒక పెద్ద చెట్టు పక్కన నీళ్లు బలంగా తిరగబడ్డాయి, చిన్న చేప పని కాదది. విసిరాను, లూర్ కొమ్మకి తగిలింది, దారం వదిలాను, లేవలేదు. మెల్లగా లాగి ఎలాగో విడిపించి మళ్లీ విసిరితే మళ్లీ అదే. ఈసారి దగ్గరికి వెళ్లక తప్పలేదు. చేప సంగతి అక్కడితో సరి.

లూర్‌ని కయాక్ పక్కన నీళ్లలో వదిలి చూస్తే నెమ్మదిగా మునిగిపోయింది! చెవి దగ్గర ఊపితే లోపలి గుండ్ల చప్పుడు మందగించి, నీళ్లు కదులుతున్న చప్పుడు వినిపించింది. రెండు ప్లాస్టిక్ సగాలు అతికించిన చోట, ముందు హుక్ పక్కనే, గోటికి మాత్రమే తెలిసేంత సన్నటి పగులు. అంతకుముందు వంతెనల దగ్గర రాళ్ల కట్టల వెంబడి తెగ విసిరాను. రాళ్లకి కొట్టుకునే పనికే కదా దీన్ని అమ్మేది, మరి అతుకు ఇంత బలహీనంగా ఉంటే ఎలా? కంపెనీకి రాస్తే "మామూలు అరుగుదల" అని ఒక్క లైన్‌లో తేల్చేశారు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఆరబెట్టి సూపర్‌గ్లూ వేస్తే మళ్లీ తేలింది, కానీ మునుపటి చురుకు లేదు. ఇంకో సంగతి, దీనితో వచ్చే హుక్కులు మెత్తన, అయినా బరువైనవి వేస్తే తేలే గుణం అంతమేరకు తగ్గుతుంది. నేను అదే సైజులో కాస్త గట్టివి వేసి, హుక్ కొనల దగ్గరుండే వెనక్కి తిరిగిన ముళ్లు నొక్కేస్తున్నాను. ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల బాస్‌ని ఎలాగూ వదిలేయాలి కాబట్టి హుక్ తేలిగ్గా ఊడి రావడమే మేలు.

బాల్సా అనే తేలికైన కర్రతో చేసినవి ఇంకా వేగంగా పైకి లేస్తాయి, కానీ ధర ఎక్కువ, రాళ్ల దగ్గర వాటికీ దెబ్బే. అందుకే మళ్లీ ఇదే కొన్నాను. కొత్తది మోడులకే, అతికించిన పాతది రాళ్ల కట్టలకి. ట్రోలింగ్ మోటార్ (పడవని నెమ్మదిగా నడిపే చిన్న ఎలక్ట్రిక్ మోటార్) ఉన్న బాస్ బోట్‌లో తిరిగేవాళ్లకి ఈ బాధలో సగం ఉండదు, చిక్కుకున్న లూర్‌ని కర్రతో తోసి తెచ్చుకుంటారు. టెక్సస్‌లోనే ఉన్న శామ్ రేబర్న్ జలాశయం లాంటి గడ్డి నీళ్లకైతే నేను దీన్ని సిఫార్సు చేయను, హుక్కుల నిండా హైడ్రిల్లా అనే నీటిగడ్డే వస్తుంది. నాలాగా కయాక్ మీద మోడుల మధ్య తిరిగేవాళ్లు తీసుకోవచ్చు, కానీ ప్రతిసారీ ముడి వేసే ముందు ఒకసారి నీళ్లలో వదిలి తేలుతోందో లేదో చూసుకోండి.