మోల్టన్ బట్ట తీసేసి ఆల్కహాల్ డంపెనింగ్ కిట్: గోదావరి డెల్టాలోని ప్రెస్సుకు పనికొస్తుందా?

ఆఫ్‌సెట్ ప్లేటు మీద అచ్చు లేని చోట ఇంకు అంటకుండా తడపడమే డంపెనింగ్. పాత సింగిల్ కలర్ ఆఫ్‌సెట్‌కు బిగించే ఈ కిట్, శుభలేఖలూ ఫోటోల కరపత్రాలూ కొట్టే ప్రెస్సుకు డబ్బు పెట్టదగ్గదే. బిల్లు బుక్కులే పనైతే దండగ.

మోల్టన్ బట్ట తొడిగిన వాటర్ రోలర్‌తో చిక్కేమిటంటే, అది నీళ్లు పీల్చుకుని కూచుంటుంది. ఇక్కడ నీళ్లు తగ్గిస్తే ఆ తేడా ప్లేటు మీద కనబడేసరికి బోలెడు కాగితం పోతుంది. నీళ్లు చాలకపోతే ‘లక్ష్మి’లో మ ఒత్తు పూడిపోతుంది, ‘థ’ లోపలి చుక్క గుండ్రంలో కలిసిపోతుంది. ఎక్కువైతే కుంకుమ రంగు నిండుగా పరిచిన చోటు (సాలిడ్) వెలిసిన చీరలా వస్తుంది.

కిట్‌లో నీళ్ల తొట్టి, రబ్బరు రోలర్, క్రోమ్ రోలర్, స్పీడు నాబ్ ఉన్న చిన్న మోటారు, ప్లేటుకు ఆనే బట్ట లేని ఫారం రోలర్ ఉంటాయి. రబ్బరుకూ క్రోముకూ మధ్య నలిగి నీళ్లు పల్చటి పొరగా వస్తాయి. నీళ్లు ఎంత కావాలో మోటారు వేగమే తేలుస్తుంది. ఉత్త నీళ్లు రోలర్ మీద బొట్లు కడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే సమంగా పరుచుకుంటాయి. 1960లలో అమెరికాలోని డాలస్‌కు చెందిన హెరాల్డ్ డాల్‌గ్రెన్ వల్ల ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది.

నాలుగు రంగులకు షీటు నాలుగు సార్లు మిషన్లోకి వెళ్లే మన పద్ధతికి అసలు లాభం వేరే ఉంది. ప్రతిసారీ తడి తక్కువగా అంటుతుంది కాబట్టి కాగితం అంతగా సాగదు, రిజిస్టర్ (రంగు మీద రంగు సరిగ్గా కూర్చోవడం) నిలుస్తుంది. అలాగని శ్రావణమాసపు ముసురులో రిమ్ము విప్పి వదిలేస్తే అంచులు అలలు తేలతాయి, ఏ కిట్టూ కాపాడదు. కాగితం ఉంచిన గది గాలిలో 50-55 శాతం తేమ చాలు. అవసరమైనంతే విప్పాలి.

నీళ్ల సంగతి మరీ ముఖ్యం. భీమవరం, నరసాపురం వైపు బోరు ఉప్పన. గట్టి నీళ్లలోని సున్నం ఇంకు రోలర్ల మీద పొర కట్టి, రోలర్ ఇంకు పట్టడం మానేస్తుంది. 10 లీటర్లకు 8.8 లీటర్ల ఆర్వో నీళ్లు, 200 మి.లీ. ఫౌంటెన్ సొల్యూషన్ (తొట్టి నీళ్లలో కలిపే మందు) కలిపి, పీహెచ్ (పులుపు కొలత) 4.8-5.3 మధ్య ఉందో లేదో చూసుకుని, కండక్టివిటీ (నీళ్లలో కరెంటు పారే కొలత) రాసిపెట్టుకుని, చివర్లో లీటరు ఆల్కహాల్ పోయాలి. ఆల్కహాల్ పడ్డాక కండక్టివిటీ తక్కువ చూపిస్తుంది, అందుకే ముందే కొలవడం. పీహెచ్ 4.5 కంటే దిగితే ఇంకు ఆరడం ఆలస్యమై, దొంతరలో షీట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి.

ఫారం రోలర్‌ను ప్లేటు మీద ఆనించి తీస్తే రెండు చివర్లా 4 మి.మీ. గీత సమంగా పడాలి. ఒకవైపు లావైతే రెండు వైపులా నీళ్లు సమంగా అందవు. క్రోమ్ రోలర్ ఇంకు పట్టిందంటే తుడిచేసి, దాని క్లీనర్ రాసి, పైన గమ్ (తుమ్మ బంక) పూయాలి. దీన్ని బద్ధకిస్తే రోజంతా షీట్ల మీద మసక తప్పదు.

చవక కిట్లకు తొట్టిని చల్లబరిచే చిల్లర్ ఇవ్వకపోవడం పెద్ద లోటు. తొట్టి 10-12 డిగ్రీల దగ్గర ఉండాలి. రాజమండ్రి మే ఎండకు ఆల్కహాల్ తొట్టిలోంచే ఆవిరైపోతుంది, మధ్యాహ్నానికి పాళ్లు తప్పుతాయి. పైగా నీళ్లు కలపని ఆల్కహాల్ సుమారు 12 డిగ్రీలకే అంటుకునే ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరి గాలికంటే బరువు. ఎగ్జాస్ట్ ఫ్యాను నేలకు దగ్గరగా పెట్టాలి. బీడీ, టీ స్టవ్వు గది బయటే.

కొనేముందు క్రోమ్ రోలర్‌కు మళ్లీ పూత ఎక్కడ వేయించాలో, ఫారం రోలర్ 25-30 షోర్ (రబ్బరు గట్టిదనపు కొలత) మెత్తదనంలో విడిగా దొరుకుతుందో లేదో అమ్మేవాడి చేత కాగితం మీద రాయించుకోండి.