ర్యాంకు రాలేదు, ఇంటర్ మార్కులూ తక్కువే: ఫార్మసీకి ఏ దారి మేలు?

ఇంజినీరింగ్, ఫార్మసీ సీట్ల ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ఫలితాలొచ్చిన వారానికల్లా ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. ర్యాంకుతో పనిలేదు, మార్కులు ఎన్నున్నా సరే, ఈ రోజు అడ్వాన్సు కడితే సీటు మీదే అంటారు. ఆ టెన్షన్‌లో ఇంట్లో మాటలన్నీ సీటు వస్తుందా రాదా అన్నదాని చుట్టూనే తిరుగుతాయి. నన్నడిగితే సీటు చిన్న సమస్య. ఇంటర్‌లో 35 వస్తే పాస్. డిప్లొమా అయిన డి.ఫార్మసీలో 40 కావాలి. డిగ్రీ అయిన బి.ఫార్మసీలో ప్రతి సబ్జెక్టులోనూ 50 తెచ్చుకోవాలి, హాజరు 80 శాతం ఉండాలి. కెమిస్ట్రీలో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్లలు ఆ 50 ఎలా తెచ్చుకుంటారన్నది ముందు ఆలోచించాల్సిన సంగతి.

అలాంటివారికి మామూలుగా కనిపించేవి మూడు దారులు. ఏడాది ఆగి మళ్లీ ఎప్‌సెట్ రాయడం, మేనేజ్‌మెంట్ కోటాలో బి.ఫార్మసీ కొనుక్కోవడం, లేదా డి.ఫార్మసీ చేసి, డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బి.ఫార్మసీ రెండో ఏడాదిలో చేరడం.

వీటిలో దేనికైనా డబ్బు కట్టేముందు ఒక పని చేయండి. ర్యాంకును బట్టి ప్రభుత్వం సీట్లు కేటాయించే కన్వీనర్ కౌన్సెలింగ్‌ను చివరి విడత దాకా వదలకండి. ఎప్‌సెట్‌లో 160కి 40 వస్తే అర్హత వచ్చినట్టే, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. ఫార్మసీకి కంప్యూటర్ సైన్స్‌కి ఉన్నంత పోటీ ఉండదు. ఎంపీసీ, బైపీసీ వాళ్లకు కౌన్సెలింగ్‌లు వేర్వేరు, బైపీసీది ఆలస్యంగా మొదలవుతుంది. ఆ ఆలస్యం చూసి భయపడే చాలామంది ముందుగానే మేనేజ్‌మెంట్ సీటుకు సంతకం పెట్టేస్తారు. ఏజెంట్లకు కావాల్సిందీ అదే.

అయితే ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 40 శాతం లేకపోతే ర్యాంకు వచ్చినా ఉపయోగం లేదు. అక్కడ ఆగిపోయినవాళ్లు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవాలి.

ఏడాది ఆగే విషయంలో రెండు రాష్ట్రాల మధ్య తేడా ఉంది. తెలంగాణ 2023లో ఇంటర్ వెయిటేజీని ఎత్తేసింది. అప్పటినుంచి ర్యాంకు కేవలం ప్రవేశ పరీక్ష మార్కులతోనే. అక్కడ 45 శాతం దాటినవాళ్లు ర్యాంకు కోసం ఇంప్రూవ్‌మెంట్ రాయడం వృథా శ్రమ. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇస్తూ వచ్చారు కాబట్టి ఆ మార్కులు పెరిగితే ర్యాంకూ కదులుతుంది. నిబంధనలు మారుతుంటాయి, మీరు రాసే ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. పరీక్ష రోజు జ్వరమొచ్చో, ఇంట్లో ఏదో జరిగో దెబ్బతిన్నవాళ్లకు లాంగ్ టర్మ్, అంటే ఏడాది ఆగి కోచింగ్ తీసుకోవడం, పనికొస్తుంది. రెండేళ్లూ పుస్తకం తెరవనివాళ్లు మూడో ఏడాది తెరుస్తారని మాత్రం నేను నమ్మను.

మేనేజ్‌మెంట్ సీటు సంగతి చూద్దాం. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, 30 శాతం మేనేజ్‌మెంట్ చేతిలో ఉంటాయి. ఈ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. నాలుగేళ్ల ఫీజు మొత్తం మీ జేబులోంచే. దీనివల్ల మిగిలేది ఒక సంవత్సరం. ఆ సంవత్సరం కూడా బ్యాక్‌లాగ్‌లు పడకపోతేనే మిగులుతుంది. మొదటి సెమిస్టర్‌లోనే అనాటమీ, ఫార్మాస్యూటికల్ అనాలిసిస్, ఇనార్గానిక్ కెమిస్ట్రీ మీద పడతాయి. బైపీసీ వాళ్లకు రెమెడియల్ మ్యాథ్స్, ఎంపీసీ వాళ్లకు రెమెడియల్ బయాలజీ అదనం. డబ్బుకు ఇబ్బంది లేదు, పిల్లలు కుదురుగా చదువుతారన్న నమ్మకం ఉంది అంటే సరే. అప్పు చేసి మాత్రం వద్దు.

ఇక నా ఓటు పడే దారి. డి.ఫార్మసీకి ప్రవేశ పరీక్ష అక్కర్లేదు, ఇంటర్ మార్కుల మెరిట్ మీద ఇస్తారు. "డిప్లొమానా?" అని బంధువులు మూతి విరుస్తారు, విరవనివ్వండి. లెక్క చూడండి. ఏడాది లాంగ్ టర్మ్, నాలుగేళ్ల బి.ఫార్మసీ కలిపితే ఐదేళ్లు. రెండేళ్ల డి.ఫార్మసీ, తర్వాత మూడేళ్ల బి.ఫార్మసీ అన్నా ఐదేళ్లే. రెండో దారిలో డిప్లొమా దగ్గరే చదువు ఆగిపోయినా ఫార్మసిస్టుగా రిజిస్టర్ అయ్యే అవకాశం చేతిలో ఉంటుంది. మెడికల్ షాపు లైసెన్సుకు కావాల్సిన రిజిస్టర్డ్ ఫార్మసిస్టు అర్హత దానితోనే వస్తుంది. పైగా మందుల పేర్లు, మోతాదులు, ప్రిస్క్రిప్షన్ చదవడం రెండేళ్లలో అలవాటై, మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే అదే ఫార్మకాలజీ బి.ఫార్మసీలో మళ్లీ ఎదురైనప్పుడు బెదురు ఉండదు.

ఇందులోనూ చిక్కులున్నాయి. రెండో ఏడాది తర్వాత 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ చేయాలి. అది ముగిసే తేదీకీ, బి.ఫార్మసీ క్లాసులు మొదలయ్యే తేదీకీ పొత్తు కుదురుతుందో లేదో కాలేజీలో ముందే కనుక్కోండి. ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ కావాలంటే డిప్లొమా తర్వాత ఎగ్జిట్ ఎగ్జామ్ పాసవ్వాలన్న నిబంధనలు 2022లో వచ్చాయి. మూడు పేపర్లు, ఒక్కోదాంట్లో 50 శాతం, అదీ మూడూ ఒకే విడతలో పాసవ్వాలి. ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరే లేటరల్ సీట్లు కూడా కొద్దిగానే ఉంటాయి. చేరాక కమ్యూనికేషన్ స్కిల్స్, కంప్యూటర్ అప్లికేషన్స్ అదనంగా పాసవ్వాలి, అవి పెద్ద భారం కాదు. భారమల్లా మూడో సెమిస్టర్. ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి భాగం చదవకుండానే రెండో భాగంలోకి దిగుతారు, పక్కనే లెక్కలతో ఫిజికల్ ఫార్మాస్యూటిక్స్ ఉంటుంది. డిప్లొమా చివరి సెలవుల్లో ఆ మొదటి భాగం పుస్తకం ఒకసారి తిరగేసినవాళ్లు నిలబడతారు.

డి.ఫార్మసీతోనే ఆగిపోవాలా అంటే, సొంత షాపు పెట్టుకునేవాళ్లకు చాలు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికైనా, పీజీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రాసి ఎం.ఫార్మసీకి వెళ్లడానికైనా డిగ్రీ తప్పదు.

పేరు ముందు డాక్టర్ వస్తుందని ఫార్మ్.డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) వైపు చూసేవాళ్లకు ఒక మాట. ఆరేళ్ల కోర్సు అది, అక్కడా పాసవ్వాలంటే 50 రావాలి. బి.ఫార్మసీ అయ్యాక మూడేళ్ల పోస్ట్ బాకలారియేట్ ఫార్మ్.డి ఎలాగూ ఉంది. మార్కులు బలహీనంగా ఉన్నప్పుడు దాంట్లో ఇప్పుడే దూకాల్సిన తొందరేం లేదు.

ఏ దారైనా, ఆ కాలేజీకి ఆ కోర్సుకు ఆ విద్యాసంవత్సరానికి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. బి.ఫార్మసీకి ఉండి డి.ఫార్మసీకి లేకపోవచ్చు. ఏజెంటు చేతికి మాత్రం ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి. చివరి విడతలో కన్వీనర్ సీటు వచ్చిననాడు అవి వెనక్కి తెచ్చుకోవడానికే గడువులో సగం రోజులు పోతాయి.