అన్నదానం డబ్బు పొరపాటున రెండుసార్లు పడింది, అడగడానికి వెళ్తే నలుగురిలో అవమానించారు. కర్నూలు వాళ్ళు జాగ్రత్త

ఇప్పుడే ఆ అన్నదానం సంస్థ ఆఫీసు నుంచి ఇంటికి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. సంస్థ పేరు రాయడం లేదు, మా ఆయన వద్దన్నాడు. కానీ కర్నూలులో ఉన్నవాళ్ళకు ముసలివాళ్ళ ఫోటోలతో "ఒక పూట అన్నదానం" అనే ఆ మెసేజ్ ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో వచ్చే ఉంటుంది.

పోయిన నెల మా నాయన సంవత్సరీకం. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర ఊరి మీదికి వచ్చినప్పుడు పాతబస్తీలో మా ఇల్లు మునిగింది. ఎవరెవరో తెచ్చిచ్చిన అన్నం పొట్లాలు తిని బతికాం. ఆ తర్వాత నాయన ఉన్నన్నాళ్ళూ ఏటా పదిమందికైనా పిలిచి భోజనం పెట్టేవాడు. అందుకే ఆయన పేరు మీద ఒక పూటకు 5,116 రూపాయలు కట్టాలనుకున్నాను. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. నా జీతంలో అది చిన్న మొత్తం కాదు.

లింకు నొక్కి యూపీఐలో కట్టాను. చక్రం తిరుగుతూనే ఉంది, రసీదు రాలేదు. డబ్బు పోలేదేమో అనుకుని మళ్ళీ కట్టాను. రెండోసారి "ప్రతి నెలా" అన్న గడిలో ముందే టిక్ పెట్టి ఉందట. నేను చూడలేదు, పిన్ కొట్టేశాను. రోజూ పిల్లలకు ప్రశ్న మొత్తం చదివి జవాబు రాయమని చెప్పేదాన్ని, ఆ ఒక్క లైను చదవలేదు. అది నా తప్పే. పది నిమిషాల్లో బ్యాంకు నుంచి రెండు మెసేజ్‌లు వచ్చాయి, రెండూ 5,116.

ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమన్నారు. మూడో రోజే పెట్టాను. తర్వాత ఇంకో రెండు పెట్టాను. జవాబు లేదు. నెల తిరిగేసరికి "రేపు మీ ఖాతా నుంచి 5,116 కట్ అవుతుంది" అని మెసేజ్ వచ్చింది. ఆటోపే పెట్టుకున్నానని అప్పటిదాకా నాకు తెలియదు. ఇలా నెలనెలా కట్ అయ్యే డబ్బుకు 24 గంటల ముందే చెప్పాలని రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది. 15,000 లోపయితే మళ్ళీ పిన్ కూడా అడగరు. ఆ మెసేజ్ చూడబట్టి యూపీఐ యాప్‌లోకి వెళ్ళి ఆ ఆటోపే రద్దు చేయగలిగాను, లేకపోతే మూడోసారి కూడా పోయేది.

ఇక లాభం లేదని ఈ రోజు స్కూలు అయ్యాక నేరుగా వాళ్ళ ఆఫీసుకే వెళ్ళాను. ముందు గదిలో కూర్చున్న అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. నా రెండు యూటీఆర్ నంబర్లు (ఒక్కో చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే నంబరు) కంప్యూటర్లో చూసి, "అవును మేడం, ఐదు నిమిషాల తేడాలో రెండు పడ్డాయి, సార్ వస్తే చెప్తా" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. అప్పటికే అక్కడ ఒక జంట కూర్చుని ఉంది, బాబు పుట్టినరోజుకు భోజనం పెట్టించడానికి వచ్చారట.

ఆ సార్ లోపలి నుంచి వచ్చాడు. అబ్బాయి విషయం చెప్పాడు. ఆయన నన్ను కూర్చోమనలేదు. గది అంతా వినపడేలా అన్నాడు: "ఏమ్మా, సచ్చిపోయిన మీ నాయన పేరు మీద ముసలోళ్ళకు పెట్టిన కూడు వెనక్కి అడిగేదానికి వచ్చినావా?"

ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా కళ్ళలో నీళ్ళు వస్తున్నాయి.

"ఒక పూటకే అనుకున్నాను సార్, రెండోది పొరపాటున పడింది" అన్నాను. "పొరపాటు కాదు, మీ నాయనే నీతో ఇప్పించినాడు అనుకో" అన్నాడు. తర్వాత ఆ జంట వైపు తిరిగి, "చూస్తాండారు గదా, దేవుని పేరు మీద ఇచ్చేది, మళ్ళీ అడిగేది" అన్నాడు. ఆ అమ్మాయి తల వంచుకుంది. నాకు మాట పెగల్లేదు. వాళ్ళ పేజీ కిందే రాసి ఉంది, పొరపాటున పడిన డబ్బుకు 15 రోజుల్లో రాతపూర్వకంగా అడిగితే తిరిగి ఇస్తామని. ఆ లైను ఫోన్లో తీసి చూపించాను. "అది వెబ్‌సైట్ చేసినోడు రాసిండేది, మాకు సంబంధం లేదు" అన్నాడు.

అంతటితో ఆగలేదు. ఒక కాగితం నా ముందుకు తోశాడు. రెండు మొత్తాలూ ఇష్టపూర్వకంగా విరాళం ఇచ్చాను అని టైపు చేసి ఉంది. సంతకం పెడితే రెండింటికీ కలిపి 80జీ రసీదు ఇస్తాను, పన్ను తగ్గుతుంది అన్నాడు. నా జీతానికి పన్నే పడదు. అయినా అక్కడి నుంచి బయటపడితే చాలనిపించి పెన్ను తీసుకున్నాను. నిజంగా పెట్టేసేదాన్ని. ఆ కాగితం మీద నాయన పేరు తప్పు రాసి ఉంది. మా నాయన గురించి అంత మాట్లాడిన మనిషికి ఆయన పేరేమిటో కూడా తెలియదు. పెన్ను పక్కన పెట్టి లేచి వచ్చేశాను. వెనక నుంచి ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు.

5,116 పోవడం కంటే ఆ మాట ఎక్కువ బాధ పెట్టింది. నేను ఇచ్చింది వెనక్కి అడగలేదు. ఇచ్చిన పూట ఇచ్చినట్టే ఉంది. ఇవ్వనిది అడిగాను.

"రసీదు కొట్టేశాం, ఆడిట్లోకి పోయింది, వెనక్కి ఇవ్వడం కుదరదు" అని కూడా అన్నాడు. బస్సులోంచే మా తమ్ముడికి ఫోన్ చేశాను, వాడు అకౌంట్సే చూస్తాడు. మార్చి 31 లోపు అదే ఆర్థిక సంవత్సరంలో పొరపాటున కొట్టిన రసీదును రద్దు చేసి పుస్తకాల్లో సరిచేయొచ్చట. దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపడానికి ఏడాది ముగిశాక మే 31 దాకా గడువు ఉంటుందట. అంటే మనసుంటే దారి ఉంది. ఇంకో మాట కూడా చెప్పాడు. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 72 ప్రకారం పొరపాటున తన చేతికి వచ్చిన డబ్బును తీసుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వాలి. విరాళం తీసుకున్నది సేవా సంస్థ అయినంత మాత్రాన అది మారదు.

బ్యాంకులో ముందే అడిగాను. డబ్బు సక్రమంగా అవతలి ఖాతాలో పడిపోయాక వాళ్ళు ఒప్పుకోకుండా వెనక్కి లాగడం కుదరదన్నారు. స్కూల్లో ఒకరు 1930కి ఫోన్ చేయమన్నారు. అది సైబర్ మోసం చేసి డబ్బు లాగేసినప్పుడు. నాది నేనే కట్టిన డబ్బు.

మీరు ఎక్కడికైనా ఆన్‌లైన్లో విరాళం పంపేటప్పుడు చక్రం తిరిగితే వెంటనే మళ్ళీ కట్టొద్దు. ముందు ఖాతాలో బ్యాలెన్స్ చూడండి. "ప్రతి నెలా" అన్న గడి చూడండి. రీఫండ్ రూలు ఎక్కడుందో కట్టకముందే ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత ఆ లైను అక్కడ ఉంటుందో లేదో. అడగాల్సి వస్తే ఫోన్లో కాదు, రాసి అడగండి. వాళ్ళిచ్చే ఏ కాగితం మీదా అక్కడికక్కడే సంతకం పెట్టొద్దు. నగదు ఇస్తే ఈ తలనొప్పి ఉండదనుకోకండి. 2,000 దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు, బ్యాంకులో రుజువూ ఉండదు.

ఈ రాత్రే రెండు యూటీఆర్ నంబర్లు, మూడు మెయిళ్ళ కాపీలు, ఆ రూలు ఫోటో పెట్టి లెటర్ రాస్తున్నాను. రేపు అక్నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టు చేస్తాను. పదిహేను రోజులు చూసి, కోర్టు దగ్గరున్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తాను. ఆడవాళ్ళకు అక్కడ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ సాయం ఇస్తారు. ఇదే సంస్థలో మీలో ఎవరికైనా రెండుసార్లు డబ్బు పడి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఆ రోజు కలిసే వెళ్దాం.