ఫ్యూజ్ జేఎస్ వాడి చూశా: పదాల లిస్ట్‌కి ఇది అవసరమా?

సెర్చ్ బాక్స్‌లో యూజర్ టైప్ చేస్తుంటే కింద పదాల లిస్ట్ తగ్గుతూ రావాలి, ఇంతే పని. దీనికి మళ్ళీ ఫ్యూజ్ జేఎస్ లాంటి లైబ్రరీ (స్పెల్లింగ్ కాస్త తేడా ఉన్నా పదాన్ని వెతికిపెట్టే రెడీమేడ్ జావాస్క్రిప్ట్ కోడ్) ఎందుకు అనేవాళ్ళతో నేను సగం ఒప్పుకుంటా, ఎందుకంటే జావాస్క్రిప్ట్‌లో ఉన్న ఫిల్టర్ (లిస్ట్‌ని వడపోసేది), ఇన్‌క్లూడ్స్ (కొట్టిన ముక్క పదంలో ఉందో లేదో చూసేది) రెండూ కలిపితే ఒక్క లైన్‌లో అయిపోద్ది, ఇన్‌పుట్‌ని ట్రిమ్ చేసి (అటూ ఇటూ ఖాళీలు తీసేసి), ఇంగ్లీష్ పదాలైతే రెండు వైపులా లోయర్‌కేస్ చేస్కుంటే చాలు. (యూజర్ కొట్టినదాంతో డైరెక్ట్‌గా రెగెక్స్, అంటే గుర్తులతో రాసే సెర్చ్ నమూనా, మాత్రం కట్టకండి బాబూ, ఎవడో ఒకడు బ్రాకెట్ ఓపెన్ చేసి వదిలేస్తాడు, ఎర్రర్ వచ్చి సెర్చ్ అక్కడే ఆగిపోద్ది.)

మరి ఫ్యూజ్ ఎక్కడ పనికొస్తుందంటే స్పెల్లింగ్ తప్పు పడ్డప్పుడు. "అధ్యాపకుడు" బదులు "అద్యాపకుడు" అని కొట్టారనుకోండి, ఇన్‌క్లూడ్స్ ఖాళీ లిస్ట్ చూపిస్తుంది, ఫ్యూజ్ మాత్రం దొరకబుచ్చుకుంటుంది. వేరే ప్యాకేజీలేవీ లాక్కురాదు, అది ఇంకో ప్లస్.

కానీ డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో వాడితే చిరాకొస్తుంది. ఎంత తేడా దాకా ఒప్పుకోవాలో చెప్పే థ్రెషోల్డ్ అని ఒకటుంది, 0 అంటే అచ్చంగా కలవాలి, 1 అంటే ఏదైనా ఓకే, డిఫాల్ట్‌గా 0.6 ఉంటుంది, పదాల లిస్ట్‌కి అది మరీ ఉదారం. తెలుగులో ఇంకా తేడా ఎందుకంటే మనకి "కృష్ణ" రెండక్షరాలే గానీ కంప్యూటర్‌కి వట్రసుడి, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కేస్తే ఐదు, ఆ ఐదులో మూడు తేడా ఉన్నా 0.6 దాకా ఒప్పేసుకుంటుంది, అందుకే "కృష్ణ" కొడితే "ఉష్ణం" కూడా వచ్చి కూర్చుంటుంది. నేనైతే 0.3 పెడతా. అప్పుడు ఉష్ణం పోద్ది, "తృష్ణ" మాత్రం ఉంటుంది, ఒక్కటే తేడా కాబట్టి పోనీలే అనుకోవచ్చు.

తెలుగు లిస్ట్ అయితే ఏది వాడినా ముందు ఒక పని చెయ్యాలి. "సాఫ్ట్‌వేర్" లాంటి పదాల మధ్యలో కంటికి కనపడని క్యారెక్టర్ ఒకటి ఉంటుంది, యూనికోడ్‌లో 200సి, పొల్లు పొల్లుగానే కనపడ్డానికి పెడతారు, కొందరి కీబోర్డ్‌లో అది పడుతుంది కొందరికి పడదు. ఇన్‌క్లూడ్స్ దాన్ని చూసి అసలు ఆ పదమే లేదంటుంది, ఫ్యూజ్ ఒక తప్పుగా లెక్కేసి వదిలేస్తుంది గానీ ఎంత బాగా కలిసిందో చెప్పే స్కోర్ దెబ్బతింటుంది. పోల్చే ముందు రెండు వైపులా దాన్ని తీసేస్తే గొడవే ఉండదు.

స్పీడ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, లిస్ట్ ఇచ్చి ఫ్యూజ్ ఆబ్జెక్ట్‌ని ఒక్కసారి కట్టి పెట్టుకోండి, ప్రతి అక్షరానికీ కొత్తది కట్టొద్దు. రిజల్ట్‌లో డైరెక్ట్‌గా పదం రాదు, ఐటెమ్ అనే కీ లోపల ఉంటుంది, మొదటిసారి వాడేవాళ్ళు అక్కడ కాసేపు తికమక పడతారు.

ఐదుకి మూడున్నర ఇస్తా. ఇంగ్లీష్ లిస్ట్‌కైతే నాలుగు ఇచ్చేవాణ్ణి, కట్ చేసింది హైలైట్ దగ్గర. అడిగితే ఎక్కడ కలిసిందో నంబర్లు ఇస్తుంది కదా (చివరి నంబర్ కూడా కలుపుకునే ఇస్తుంది, స్లైస్‌తో ఆ ముక్క కత్తిరించేటప్పుడు ఒకటి కలపాలి), వాటితో రంగు వేస్తే హల్లుకి రంగు పడి దాని గుడి బయట మిగిలిపోవచ్చు, జావాస్క్రిప్ట్‌లోనే ఉండే ఇంటిఎల్ సెగ్మెంటర్‌తో అక్షరాలుగా విడగొట్టి ఆ హద్దుల దాకా మీరే జరుపుకోవాలి.