స్వీప్‌స్టేక్స్‌కు పోస్టులో ఉచిత ఎంట్రీ: కొన్నేళ్ల వాడకం తరువాత

అమెరికాలో చిప్స్ ప్యాకెట్ల మీద, కూల్‌డ్రింక్ సీసాల మీద కనిపించే స్వీప్‌స్టేక్స్‌లో (లక్కీ డ్రా పోటీల్లో) చాలావాటికి ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఎంట్రీ వేయాలి. సరుకు కొని రశీదు ఫొటో పంపడమో, ప్యాకెట్ లోపలి కోడ్‌ను వెబ్‌సైట్‌లో నమోదు చేయడమో అందరికీ తెలిసిన పద్ధతి. అదే పోటీలో ఏమీ కొనకుండా, పోస్టులో ఒక కార్డు పంపి పాల్గొనే వీలు కూడా తరచుగా ఉంటుందని, ఆ సంగతి నిబంధనల్లో చిన్న అక్షరాల్లో ఉంటుందని చాలామంది గమనించరు. టెక్సాస్‌లో ఉంటున్న నేను కొన్నేళ్లుగా ఆ పద్ధతినే వాడుతున్నాను. నిబంధనలు ఓపికగా చదివేవారికి ఇది నమ్మదగిన మార్గమే కానీ, కనిపించిన ప్రతి పోటీకీ కవర్లు పంపితే స్టాంపుల డబ్బు దండగ అని నా అభిప్రాయం.

ఇది కంపెనీలు దయతలచి ఇచ్చే సౌకర్యం కాదు. బహుమతి, అదృష్టం, పాల్గొనడానికి చెల్లించే మూల్యం అనే మూడూ కలిస్తే అక్కడి చట్టాల ప్రకారం అది లాటరీ అవుతుంది, లాటరీ నడిపే హక్కు వ్యాపార సంస్థలకు లేదు. మూల్యం తప్పనిసరి కాదని చూపడానికే ఉచిత ఎంట్రీ పెడతారు కాబట్టి, పోస్టులో వచ్చిన ఎంట్రీకి కూడా కొన్నవారి ఎంట్రీతో సమానమైన అవకాశం ఇవ్వాలి. మన దేశంలో పోటీల నిబంధనల కింద ‘తమిళనాడు వాసులకు వర్తించదు’ అన్న వాక్యం చూసే ఉంటారు. దానికి ఆ రాష్ట్రం 1979లో తెచ్చిన బహుమతి పథకాల నిషేధ చట్టం కారణం. అమెరికాలోనూ రాష్ట్రానికొక తీరు ఉంది. మొత్తం బహుమతుల విలువ 5,000 డాలర్లు దాటితే న్యూయార్క్, ఫ్లోరిడాలలో ముందుగా నమోదు చేయించి, బహుమతుల విలువకు హామీగా బాండు సమర్పించాలి. ఆ శ్రమ ఎందుకని ఆ రెండు రాష్ట్రాల వారిని పక్కన పెట్టే చిన్న కంపెనీలు ఉన్నాయి.

కార్డు రాయడంలోనే అసలు పని ఉంది. సాధారణంగా మూడు అంగుళాల వెడల్పు, అయిదు అంగుళాల పొడవు ఉన్న తెల్ల కార్డు మీద పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్, పుట్టిన తేదీ చేత్తో రాసి, 10వ నంబరు అనే పొడవాటి ఆఫీసు కవరులో పెట్టి పంపమంటారు. ఒక కవరులో ఒకే కార్డు ఉండాలి. జిరాక్సు కాపీలను, ప్రింటు తీసిన కార్డులను తిరస్కరిస్తారు. కొన్ని పోటీల్లో కవరు మీది చిరునామా కూడా చేతిరాతే కావాలి. జెల్ పెన్ను సిరా చెమ్మ తగిలితే అలుక్కుపోతుంది కాబట్టి నేను బాల్ పెన్నుతో, విడివిడి పెద్ద అక్షరాల్లో రాస్తాను. మనవాళ్లు మరొకటి చూసుకోవాలి. ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించే అలవాటు మనకు ఉంది గానీ, గెలిచినవారి గుర్తింపు పత్రాన్ని కార్డుతో సరిచూసే అవకాశం ఉంది కనుక డ్రైవింగ్ లైసెన్సులో ఉన్న పేరునే పూర్తిగా రాయడం మంచిది.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కవరు మీద తపాలా ముద్ర పడవలసిన గడువు ఒకటి, అది వాళ్లకు చేరవలసిన గడువు మరొకటి ఉంటాయి. రెండింటిలో ఏది తప్పినా ఎంట్రీ చెల్లదు. డబ్బాలో వేసిన రోజు తేదీతోనే ముద్ర పడుతుందన్న హామీ లేదు. గడువు దగ్గరపడినప్పుడు నేను పోస్టాఫీసు కౌంటర్ దగ్గర అడిగి చేతి ముద్ర వేయించుకుంటాను. దానికి విడిగా రుసుము లేదు.

2019లో 55 సెంట్లున్న ఉత్తరం స్టాంపు 2025 జులైలో 78 సెంట్లకు చేరింది. కార్డు, కవరు ఖర్చు దానికి అదనం. అందువల్ల దేశమంతటికీ ఒకే కారు ఇచ్చే పోటీల కన్నా, కొన్ని రాష్ట్రాలకే పరిమితమై మధ్యరకం బహుమతులు ఎక్కువగా ఉన్నవాటినే ఎంచుకుంటాను. నాకు వచ్చినవన్నీ గిఫ్ట్ కార్డులు, ఐస్ బాక్సు వంటివే. ఒక పోటీలో మాత్రం నిబంధనల్లో ఇచ్చిన పోస్టు బాక్సు నుంచే నా కవర్లు వెనక్కి వచ్చాయి, నిర్వాహకులకు ఈమెయిల్ రాస్తే జవాబు లేదు. ఉచిత ఎంట్రీ అని ప్రకటించి ఆ చిరునామాను పనిచేయకుండా వదిలేయడం అన్యాయం. పోస్టులో అడిగితే ఆటలో వాడే నాణేలు ఉచితంగా ఇస్తామనే స్వీప్‌స్టేక్స్ క్యాసినోల (స్వీప్‌స్టేక్స్ పేరుతో నడిచే ఆన్‌లైన్ జూదపు సైట్ల) జోలికి నేను పోను. అక్కడ ఆ ఉచితం మనిషిని డబ్బు పెట్టే ఆటలోకి దించడానికే అని నా నమ్మకం. 2026 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో వాటిని నిషేధించారు కూడా.

అర్హత నిబంధన మన తెలుగువారికి ముఖ్యం. ‘చట్టబద్ధ నివాసి’ అని ఉన్న చోట ఉద్యోగ వీసా మీద ఉన్నవారు తమకు వర్తిస్తుందో లేదో నిర్వాహకులను అడిగి తేల్చుకోవాలి, ఎందుకంటే కొన్ని పోటీలు పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి మాత్రమే. నిర్వహించే సంస్థ ఉద్యోగులకు, వారి ఇంట్లో ఉండేవారికి సాధారణంగా అర్హత ఉండదు. కాంట్రాక్టు మీద పనిచేసేవారు కూడా ఆ వాక్యాన్ని చదువుకోవాలి.

బహుమతి విలువ ఆదాయంలో కలుస్తుంది. కానీ ఆ పన్ను ప్రభుత్వానికి కట్టేదే తప్ప, మీకు బహుమతి వచ్చిందని ఫోన్ చేసినవాడికి పంపేది కాదు. బహుమతి విడుదలకు ముందుగా డబ్బు అడిగారంటే అది మోసమే, ఫోన్ పెట్టేయాలి.

పెద్ద బహుమతి ఉన్న పోటీ ముగిశాక, స్వంత చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు పంపి విజేతల జాబితా తెప్పించుకుంటాను. ఈ వీలు కూడా నిబంధనల్లోనే ఉంటుంది. జాబితా పంపని సంస్థ మళ్లీ పోటీ పెట్టినా నా కార్డు దానికి వెళ్లదు.