ఆరేళ్లుగా ఒకే ప్యాంటు ప్యాటర్న్: పొడవుతో నా కుస్తీ

ఆరేళ్లుగా ఒకే కాగితం ప్యాటర్న్ (గుడ్డ మీద పెట్టి కత్తిరించుకునే నమూనా) మీద ప్యాంట్లు కుట్టుకుంటున్నాను. కిందికి వచ్చేకొద్దీ సన్నబడే మామూలు కట్. ఇప్పుడు దాని మీద కాగితం కన్నా టేపే ఎక్కువ కనిపిస్తుంది. నచ్చిందా అంటే నచ్చింది, కానీ విప్పి పరిచిన రోజున కాదు.

మొదటి ప్యాంటు 2 అంగుళాలు పొడుగొచ్చింది. పొడవు పెంచాలన్నా తగ్గించాలన్నా ఇక్కడే అంటూ కాగితం మీద రెండు చోట్ల జంట గీతలున్నాయి. ఎవరు చదివారు! తిన్నగా కింది అంచు దగ్గర కత్తెర వేశాను. పొడవు సరిపోయింది. కానీ సన్నగా ఉండాల్సిన భాగమే కోసేశాను కాబట్టి, దాని పైనున్న వెడల్పే అంచయింది. ప్యాటర్న్‌లో మోకాలు ఉండాల్సిన చోటు నా పిక్క మీదికి దిగింది, నా మోకాలి దగ్గర గుడ్డ సంచిలా నిలబడింది.

రెండోసారి బుద్ధిగా గీత దగ్గరే మడిచాను. అంగుళం మడత వేస్తే తగ్గేది రెండంగుళాలు. ఈ లెక్క తెలిసి కూడా రెండుసార్లు తప్పాను. ఈ ప్యాటర్న్ మీద నా పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, కాలికి ఇచ్చిన గీత ఒక్కటే, అదీ మోకాలి కింద. అందరికీ పొడవు అక్కడే తేడా వస్తుందా? కాళ్ల మధ్య నాలుగు కుట్లు కలిసే చోటు నుంచి మోకాలి దాకా కొలిచి నా కొలతతో పోల్చాను. అంగుళంపావు తేడా తొడ దగ్గరే ఉంది. అందుకని తొడ మధ్యలో, పడుగు (గుడ్డ నిలువు దారాలు) ఎటో చూపే బాణానికి మూలమట్టంగా, సొంతంగా ఒక గీత గీసుకున్నాను. అక్కడ అంగుళంపావు, కింద ముప్పావు తీశాను. మడిచాక పక్క గీతలు మెట్టులా విరుగుతాయి. స్కేలు పెట్టి ఆ మెట్టు మధ్యగా కొత్త గీత లాగాలి. ముందు ముక్కకీ వెనక ముక్కకీ ఒకే చోట, ఒకే కొలత.

మోకాలి పైన వెనక ముక్క లోపలి కుట్టు, ముందుదాని కన్నా కాస్త పొట్టిగా ఉంటుంది ఇందులో. నా మడతే తప్పిందనుకుని కలిపేసి సమానం చేశాను. తీరా చూస్తే అది కావాలని పెట్టిన తేడా, కుట్టేటప్పుడు వెనక గుడ్డను కొద్దిగా సాగదీసి కలపాలట. మంచి గుడ్డ ఒకటి దానికి బలైంది.

ఇంతా చేస్తే, మొదట చూసుకోవాల్సింది ఆఖర్న నేర్చుకున్నాను: నడుము నుంచి సీటు దాకా ఉండే లోతు. గట్టి కుర్చీలో నిటారుగా కూర్చుని, పక్కవైపు నడుము నుంచి కుర్చీ దాకా టేపుతో కొలవాలి. దానికి అర అంగుళం నుంచి అంగుళం దాకా వదులు కలిపి ప్యాటర్న్‌తో పోల్చాలి. నాకు ముప్పావు తక్కువుంది. కూర్చుంటే వెనక నడుము పట్టీ కిందికి జారేది అందుకే. పై జంట గీత దగ్గర కోసి, విడదీసి, కింద కాగితం అతికించాను. జేబు ముక్కనీ జిప్పు పట్టీనీ అంతే పెంచడం మాత్రం మరిచిపోయాను. పట్టీ నడుముకు ముప్పావు దూరంలో ఆగిపోయి నన్ను చూసి నవ్వింది. సీటు నిండుగా ఉన్నవాళ్లకి వెనక మాత్రమే లోతు కావాలి. వాళ్లు వెనక ముక్కని మధ్య కుట్టు వైపు నుంచి కోసి, పక్క కుట్టు దగ్గర కదలకుండా ఉంచి తెరుచుకుంటే చాలు.

ప్యాటర్న్‌ని ఇంట్లో ప్రింటు తీసుకునేవాళ్లు కొలత సరిచూసుకోవడానికి దాని మీద ఇచ్చే చదరాన్ని స్కేలుతో కొలవండి. ప్రింటరు 97 శాతానికి కుదించిందంటే 40 అంగుళాల పొడవులో అంగుళం పైనే మాయం. కాటన్ అయితే కత్తిరించే ముందే ఉతకండి, అది పొడవులోనే ఎక్కువ కుంచించుకుపోతుంది. నేనైతే ఇప్పటికీ ముందు పాత దుప్పటి గుడ్డతో కచ్చాగా ఒక ప్యాంటు కుట్టి, చెప్పులేసుకుని, అద్దం ముందు కూర్చుని లేచి చూసుకుంటాను.

ఐదుకి నాలుగిస్తాను. ఆ ఒక్కటీ తొడ దగ్గర గీత ఇవ్వనందుకు. మోకాలి నుంచి అంచు దాకా ఒకే వెడల్పుండే ప్యాంటుకి ఒకటీ అరా అంగుళం తేడా అయితే ఇంత తంటా అక్కర్లేదు, అంచు దగ్గరే కోసేయండి.