స్టెంట్ వేయించుకున్నవారు చేప నూనె క్యాప్సూల్స్ కొనే ముందు దయచేసి ఇది చదవండి

కొన్ని నెలల క్రితం గుండెకు స్టెంట్ వేయించుకున్న మా నాన్నగారి కోసం ఆన్‌లైన్‌లో ఒమేగా-3 చేప నూనె డబ్బా తెప్పించాం. అది అందిన తర్వాత అమ్మిన సంస్థ ప్రతినిధి నాన్నగారికి ఫోన్ చేసి, "ఇది రక్తాన్ని సహజంగా పలచబరుస్తుందండీ, ఒక నెల వాడాక క్లోపిడోగ్రెల్ మానేయవచ్చు" అని చెప్పారు. క్లోపిడోగ్రెల్ అంటే స్టెంట్ వేసినవారికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర. నాన్నగారు ఆ మాట మాకు చెప్పడంతో వెంటనే కార్డియాలజిస్టును అడిగాం. స్టెంట్ వేసిన తొలి నెలల్లో ఆ మాత్రను సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చని, ప్రాణానికే ముప్పని ఆయన గట్టిగా హెచ్చరించారు.

చేప నూనెకు రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు అనే కణాల మీద ప్రభావం ఉన్న మాట నిజమే, అందుకే ఈ అబద్ధాన్ని నమ్మడం తేలిక. అందులోని ఈపీఏ అనే కొవ్వు ఆమ్లం ప్లేట్‌లెట్ల పొరలో అరాకిడోనిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఆమ్లం స్థానాన్ని కొంతవరకు ఆక్రమిస్తుంది. ఫలితంగా ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతుక్కునేలా చేసే థ్రాంబాక్సేన్ ఏ2 తయారీ కొంత తగ్గుతుంది. అయితే ఆస్పిరిన్ ఆ తయారీకి అవసరమైన ఎంజైమును ప్లేట్‌లెట్ బతికినంత కాలం పనిచేయకుండా చేస్తుంది, క్లోపిడోగ్రెల్ ప్లేట్‌లెట్లపై అతుక్కోమనే సంకేతాన్ని అందుకునే పీ2వై12 అనే గ్రాహకాన్ని మూసివేస్తుంది. స్టెంటును కాపాడేది ఈ గట్టి అడ్డుకట్టే తప్ప, చేప నూనె చూపే స్వల్ప ప్రభావం కాదు.

ఇక డబ్బా సంగతి. ముందువైపు పెద్ద అక్షరాలతో 1000 మిల్లీగ్రాములని ఉంది, కానీ అది మొత్తం నూనె బరువు. వెనుక చిన్న అక్షరాలలో చూస్తే ఈపీఏ 180, మరో ఒమేగా-3 ఆమ్లమైన డీహెచ్ఏ 120 మిల్లీగ్రాములే ఉన్నాయి. గుండె జబ్బు ఘటనలు తగ్గాయని 2018లో చూపిన రెడ్యూస్-ఇట్ అనే వైద్య పరీక్ష ఫలితాన్ని తమ ఉత్పత్తికి రుజువుగా అదే ప్రతినిధి ప్రస్తావించారు. ఆ పరీక్షలో ఇచ్చినది ఈపీఏను శుద్ధి చేసిన రూపమైన ఐకోసాపెంట్ ఇథైల్ అనే ప్రిస్క్రిప్షన్ మందు, అదీ రోజుకు 4 గ్రాములు. ఈ క్యాప్సూల్స్‌తో అంత ఈపీఏ కావాలంటే రోజుకు ఇరవైకి పైగా మింగాలి. పైగా అందులో పాల్గొన్నవారు కొలెస్ట్రాల్ తగ్గించే తమ స్టాటిన్ మాత్రలు మానలేదు. మందు తీసుకున్నవారిలో గుండెలయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పెరిగింది, రక్తస్రావం కూడా కొంత ఎక్కువగా కనిపించింది. పోలిక కోసం రెండో గుంపుకు మందుకు బదులు ఇచ్చిన మినరల్ ఆయిల్ వల్ల ప్రయోజనం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించిందా అన్న వాదన కూడా ఉంది. రోజుకు 1 గ్రాము ఒమేగా-3 మోతాదుతో 25,871 మందిపై జరిపిన వైటల్ పరీక్షలోనూ, 15,480 మంది మధుమేహులపై జరిపిన అసెండ్ పరీక్షలోనూ ప్రధాన హృద్రోగ ఘటనలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ నాకు కనిపించలేదు.

మీ ఇంట్లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు వాడేవారు ఉంటే, ఏ సప్లిమెంటు మొదలుపెట్టే ముందైనా దాని పేరు, మోతాదు డాక్టరుకు చూపించండి. శస్త్రచికిత్సకో, పన్ను తీయించుకోవడానికో వెళ్లేటప్పుడు కూడా ఆ విషయం దాచకండి. ముఖ్యంగా పెద్దవారికి నేరుగా ఫోన్ చేసి మాత్రలు ఆపమనే అమ్మకందారుల గురించి వారికి ముందే చెప్పి ఉంచండి. మన దేశంలో హెల్త్ సప్లిమెంటు డబ్బాపై అది ఔషధంగా వాడటానికి కాదని ముద్రించడం తప్పనిసరి. మా డబ్బా మీద ఆ వాక్యం ఉండగానే ఫోన్‌లో మందు మాన్పించే సలహా ఇచ్చారు. ఇలాంటి ఫోన్ మీకూ వస్తే బిల్లు, డబ్బా ఫోటోలు, కాల్ వచ్చిన నంబరు భద్రపరచి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. మేమూ అక్కడే చేశాం.